మీ బండిని డకోటా అన్నారంటే

మీ మేస్త్రి మిమ్మల్ని తిట్టలేదు. ముందు ఆ టెన్షన్ వదిలేయండి.

మీరు అడిగింది ఇదీ: విశాఖ నుంచి పర్లాకిమిడికి బదిలీ మీద వచ్చారు. మీ 2006 మోడల్ మారుతి 800ని షెడ్డుకు తీసుకెళ్తే మేస్త్రి ఒక చుట్టు తిరిగి చూసి "ఇది డకోటా అయిపోనాది బాబూ" అన్నాడు. పక్కనున్న హెల్పర్ కుర్రాడు నవ్వి "ఖటారా" అన్నాడు. రెండూ ఒకటేనా, వెటకారమా, లేక బండి అమ్మేయమని సలహానా అని మీ అనుమానం. డకోటా అంటే అమెరికాలో రాష్ట్రం పేరు కదా, దానికీ కారుకీ ఏమిటి సంబంధం అని ఇంకో ప్రశ్న కూడా కలిపారు.

ఈ ఊళ్లో ముప్పై రెండేళ్లుగా షెడ్డు నడుపుతున్నాను. అంతకు ముందు బరంపురంలో ఒక మేస్త్రి దగ్గర పానాలు అందిస్తూ పని నేర్చుకున్నాను. ఈ మాటలు నేను పుస్తకంలో చదవలేదు, బండి కింద పడుకుని విన్నాను. అందుకని కొంచెం పొడుగ్గా చెప్తాను, ఓపిక పట్టండి.

డకోటా ఒక విమానం. అమెరికాలో డగ్లస్ కంపెనీ వాళ్లు తయారు చేసిన డీసీ-3 మొదటిసారి 1935 డిసెంబర్ 17న ఎగిరింది. రెండో ప్రపంచ యుద్ధంలో దాన్నే సైన్యానికి సరుకులూ మనుషులూ మోసే విమానంగా మార్చారు. అమెరికా వాళ్లు దాన్ని సీ-47 అన్నారు, బ్రిటిష్ వాళ్లు డకోటా అన్నారు. మన దేశంలో బ్రిటిష్ పేరే నిలిచిపోయింది. యుద్ధం అయిపోయాక ఆ విమానాలు గుట్టలు గుట్టలుగా మిగిలిపోతే చవగ్గా అమ్మేశారు. కొనుక్కున్న వాళ్లు కొనుక్కుని తలా ఒక విమాన కంపెనీ పెట్టారు. హైదరాబాద్‌లో దక్కన్ ఎయిర్‌వేస్ 1946లో బేగంపేట నుంచి నడిపింది ఈ డకోటాలనే.

మీరిప్పుడు ఒడిశాలో ఉన్నారు కాబట్టి ఇంకో సంగతి తెలియాలి. ఇక్కడ డకోటా అంటే పెద్దవాళ్లకు ఒడిశా మాజీ ముఖ్యమంత్రి బిజూ పట్నాయక్ గుర్తొస్తారు. ఆయన స్వయంగా పైలట్. కళింగ ఎయిర్‌లైన్స్ పెట్టి డకోటాలు నడిపారు. 1947 జూలైలో ఆయన డకోటాలో ఇండోనేషియా వెళ్లి, డచ్ సైన్యం కళ్లుగప్పి అక్కడి నాయకుడు సుతన్ షహ్రిర్‌ను బయటికి తీసుకొచ్చారు. ఆయన భార్య జ్ఞాన్ కూడా ఆ విమానంలో ఉన్నారు. అదే ఏడాది అక్టోబర్ 27న కశ్మీర్‌ను కాపాడటానికి మన సైనికులను శ్రీనగర్‌లో దించిందీ డకోటాలే. బిజూ కంపెనీ విమానం ఒకటి ఏళ్ల తరబడి కోల్‌కతా విమానాశ్రయంలో మూలన పడి ఉంటే, 2023 జనవరిలో దాన్ని ముక్కలుగా విప్పి, లారీలకెక్కించి భువనేశ్వర్ తెచ్చారు. ఆ వార్త చూసి మా షెడ్డులో రెండు రోజులు నవ్వుకున్నాం. డకోటా లారీ మీద రావడం కంటే డకోటాతనం ఏముంటుంది చెప్పండి.

ఇంత ఘనమైన విమానం పేరు లొటలొటలాడే బండికి ఎలా వచ్చింది? నాకు తోచింది ఇదీ. 1953లో ప్రభుత్వం ఈ ప్రైవేటు కంపెనీలన్నిటినీ కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ చేసింది. 1957లో వైకౌంట్లు, 1961లో ఫోకర్లు అనే కొత్త విమానాలు వచ్చాయి. కొత్త కోడళ్లు వచ్చాక అత్తగారి పరిస్థితి ఎలాగుంటుందో డకోటా పరిస్థితి అలాగయింది. చెవులు గింగురుమనే మోత. తక్కువ ఎత్తులో ఎగరాల్సిందే, అందుకని గాలి కుదుపులన్నీ ప్రయాణికులకే. తోక కింద చక్రం ఉండటంతో నేలమీద నిలబడ్డప్పుడు ముక్కు ఆకాశం వైపు ఉంటుంది. లోపలికి ఎక్కినవాడు కొండ ఎక్కినట్టు సీటు దాకా నడవాలి. విమానం ఎక్కినవాళ్లు తక్కువే గాని, ఎక్కినవాళ్లు చెప్పుకున్న కబుర్లు ఎక్కువ. ఆ కబుర్లలోంచి జారి ఈ పేరు ముందు బస్సులకు అంటుకుంది. తెలుగు పేపర్లలో ఇప్పటికీ "డకోటా బస్సులు" అనే మాట కనిపిస్తుంది చూడండి. బస్సుల నుంచి కార్లకు, స్కూటర్లకు, చివరికి మా షెడ్డులో గాలి కొట్టే మోటారుకు కూడా వచ్చింది. మా తాతయితే నౌపడా నుంచి గుణుపురం వెళ్లే చిన్న రైలునే డకోటా అనేవాడు. ఆ నారో గేజి లైను 1900లో పర్లాకిమిడి దాకా, 1931లో గుణుపురం దాకా వచ్చింది. 2004లో పెద్ద లైను వేయడానికి ఆపేశారు. నడుస్తున్న ఆ రైలు దిగి, పక్కన నడిచి, మళ్లీ ఎక్కొచ్చు అని మా చిన్నప్పుడు జోకు.

ఓడలు బళ్లవుతాయంటారు. ఇక్కడ విమానమే బండయింది.

ఇప్పుడు అసలు సంగతి. బయటివాళ్లకు డకోటా, డొక్కు, తుక్కు మూడూ ఒకటే. షెడ్డులో పని చేసేవాళ్లకు ఒకటి కాదు. మా బరంపురం మేస్త్రి ఈ మూడు మాటలూ ఒకదాని బదులు ఇంకొకటి వాడితే రెంచీతో మోకాలి మీద తట్టేవాడు.

డకోటా అంటే మోతే గాని మోసం లేని బండి. తలుపు వేస్తే రెండోసారి వేయాలి, అద్దం సగం దాకా దిగి ఆగుతుంది, గతుకు వస్తే సైలెన్సర్ నేలకు దండం పెడుతుంది. అయినా తాళం తిప్పితే లేస్తుంది, చెప్పిన ఊరు చేరుస్తుంది. అసలు విమానం గుణమే అది. శబ్దం ఎంత చేసినా మధ్యలో వదిలేసే రకం కాదు కాబట్టే అన్ని యుద్ధాల్లో తిరిగింది. డకోటా అనే మాటలో సగం ఎకసెక్కం, సగం అభిమానం. ఇంట్లో ముసలాయన్ని చూపించి "ఈ డకోటా ఇంకా పదేళ్లు నడుస్తాది" అని ఆయన మనవడే అనొచ్చు, ఆయనా నవ్వుతాడు.

డొక్కు వేరు. డొక్కు అన్నామంటే రోగం ఒంట్లో ఉందని. ఇంజన్ ఆయిల్ తాగేస్తుంది, నేల రేకును తుప్పు తినేసింది, ఇవాళ బాగుచేస్తే రేపు ఇంకోటి. మా కుర్రాళ్లు డొక్క ఎండి పక్కటెముకలు తేలిన ఎద్దులాంటిది కాబట్టి డొక్కు అని చెప్పుకుంటారు. మాట నిజంగా అలా పుట్టిందో లేదో గాని, పోలిక మాత్రం సరిగ్గా అతికింది. డొక్కు బండి యజమాని ముందు ఆ మాట అనకూడదు. డకోటా అంటే నవ్వేవాడు డొక్కు అంటే మొహం ముడుచుకుంటాడు.

తుక్కు అంటే ఇక కిలోల లెక్క. అక్కడ మెకానిక్కు పని లేదు, కబాడీవాడికే పని.

మీ మేస్త్రి మొదటి మాట అన్నాడు. చక్రాల్లోంచి, తలుపుల్లోంచి వచ్చే శబ్దం విని అన్నాడన్నమాట, ఇంజన్ విని కాదు.

హెల్పర్ అన్న ఖటారా సంగతి కొంచెం వేరు. అది హిందీ, మరాఠీ, ఒడియా వాళ్లందరికీ తెలిసిన మాట. మరాఠీలో ఖటారా అంటే పాత అర్థం సరుకులు మోసే ఎద్దుబండి. మహారాష్ట్రలోని కిన్వట్ వైపు నుంచి పత్తి లారీ తోలుకొచ్చిన తెలుగు డ్రైవర్ ఒకాయన ఇక్కడ క్లచ్ ప్లేటు మార్పించుకుంటూ చెప్పాడు, వాళ్ల వైపు తెలుగు వాళ్లు కూడా డకోటా కంటే ఖటారానే ఎక్కువ అంటారట. మరాఠీవాళ్ల మధ్య ఉండి ఆ మాట రాకుండా ఎలాగుంటుంది. మా వైపు రెండూ ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, లారీ డ్రైవర్లతో హిందీ మాట్లాడే ఊరు ఇది. నోట్లో ఏ మాట ముందుంటే అది వస్తుంది. ఖటారాలో అభిమానం పాలు తక్కువ, అంతే తేడా. కుర్రాడి వయసును బట్టి ఎక్కువ పట్టించుకోకండి. అయితే మా తెలుగువాళ్లు కొందరు ఒత్తు వదిలేసి "కటారా" అంటారు. కొత్తగా వచ్చినవాళ్లు కటారి అనుకుని కంగారు పడతారు. కత్తులేమీ లేవు.

ఒడియాలో మర్యాదగా చెప్పాలంటే "పురుణా గాడి" అనండి, పాత బండి అని. "భంగా గాడి" అంటే విరిగిన బండి, అది కాస్త మొరటు. ఒడియా పెద్దాయన బండి గురించి మాట్లాడేటప్పుడు పక్కన "భాయినా" (అన్నా) అని ఒక్క పిలుపు కలిపితే ఏ మాటైనా మెత్తబడుతుంది.

ట్రెక్కర్‌ని మాత్రం ఎవరూ డకోటా అనరు. మీరు గమనించే ఉంటారు, ఒడిశాలో షేరు జీపులన్నిటినీ ట్రెక్కర్ అనే అంటారు, అది ఏ కంపెనీదైనా సరే. అంబాసిడర్ చేసిన హిందుస్తాన్ మోటార్స్ వాళ్లే ఒకప్పుడు ట్రెక్కర్ అనే బండి చేశారు, ఆ పేరు ఇక్కడ జాతి పేరైపోయింది. లోపల పన్నెండు మంది, వెనక వేలాడుతూ నలుగురు, పైన మేకలు, ఆర్.ఉదయగిరి ఘాటీ ఎక్కుతుంటుంది. పుట్టుకతోనే డకోటా అయినదాన్ని కొత్తగా డకోటా అనేదేముంది.

అంబాసిడర్ మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. ఇంగ్లండ్ వాళ్ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారును తెచ్చి కోల్‌కతా దగ్గర ఉత్తరపారాలో తయారు చేసిన బండి అది. 1958 ప్రాంతంలో మొదలై 2014 మేలో ఆగింది. మా దగ్గరికి ఒక రిటైర్డ్ టీచరమ్మ గారి అంబాసిడర్ వచ్చేది, ఓఆర్ నంబరుది. ఒడిశా బళ్లకు 2012లో ఓఆర్ పోయి ఓడీ వచ్చింది. ఆ నంబరు చూస్తేనే వయసు తెలిసిపోతుంది. ఒకరోజు మా కొత్త హెల్పర్ ఆవిడ ఎదురుగా "అమ్మా, ఈ డొక్కు ఎక్కడ పెట్టమంటారు" అన్నాడు. ఆవిడ ఏమీ అనలేదు. తాళం తీసుకుని, స్టీరింగ్ పక్కనున్న గేరు వేసి, బండి తీసుకుని వెళ్లిపోయింది. ఆర్నెల్లు రాలేదు. నేనే ఇంటికి వెళ్లి, కాఫీ తాగి, క్షమాపణ చెప్పి బండి తెచ్చుకున్నాను. ఆవిడ అప్పుడన్న మాట: "డకోటా అంటే నేనూ నవ్వుదును బాబూ." ఆ తేడా ఆవిడకు తెలుసు. హెల్పర్‌కు అప్పుడు తెలిసింది.

మీరే మీ బండిని ఏమన్నా అనుకోవచ్చు. పక్కవాడి బండిని డకోటా అనాలంటే చనువుండాలి. కొనడానికి వెళ్లినప్పుడు అంటే అది బేరం, దాన్ని ఎవరూ సీరియస్‌గా తీసుకోరు. పాత బళ్ల బ్రోకర్లు తళతళలాడే కారును కూడా "డకోటా కదండీ" అనే మొదలెడతారు, పది వేలు తగ్గించడానికి. అమ్మేటప్పుడు అదే బండి "సింగిల్ ఓనర్, డాక్టర్ వాడిన బండి" అయిపోతుంది.

పండితులు ఇలాంటి మాటలకు మొహం చిట్లిస్తారని నాకు తెలుసు. అయినా జనం నోట్లో ఉన్న తెలుగే తెలుగు అని పోట్లాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది ఈ పర్లాకిమిడిలోనే. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన నేర్పిన ఊళ్లో షెడ్డు మాటకు అర్థం చెప్పడానికి నేనెందుకు మొహమాటపడాలి.

ఇక మీ మారుతి 800. మేస్త్రి డకోటా అన్నాడు సరే, అది నిజంగా డకోటాయా, డొక్కు దారిలో ఉందా అన్నది మీరే చూసుకోవచ్చు. మూడు సిలిండర్ల ఇంజన్ అది, 796 సీసీ. నిలబడ్డప్పుడు కాస్త వణకడం దాని జాతకం. వణుకు మరీ స్టీరింగ్ దాకా వస్తే ముందు ఇంజన్ మౌంటు రబ్బర్లు చూపించండి, అవి గట్టిపడి ఉంటాయి. ఇంజన్ పోయిందని ఎవడైనా అంటే వెంటనే నమ్మకండి. గతుకుల్లో కటకటమంటే కింద ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు. ఇవన్నీ డకోటా రోగాలు, ఒకటి రెండు రోజుల్లో తేలిపోతాయి.

నాకు భయం విశాఖ నుంచి వచ్చిన బండి కావడం. సముద్రపు గాలి రేకును లోపలి నుంచి తింటుంది, పైన రంగు మెరుస్తూనే ఉంటుంది. కాళ్ల కింద మ్యాట్లు పూర్తిగా ఎత్తండి. వేలితో కాదు, స్క్రూడ్రైవర్ వెనక పిడితో గట్టిగా తట్టండి. టంగుమంటే పర్లేదు. బోలు శబ్దం వచ్చినా, పొడి రాలినా రేకు తినేసినట్టే. జాకీ పెట్టే చోట, బానెట్ ఎత్తితే సస్పెన్షన్ పైభాగం బిగించి ఉండే గుండ్రటి చోట తప్పక చూడండి. అక్కడ తుప్పు పట్టి ఉంటే అది డొక్కు. నేనైతే ఆ బండికి ఇంజన్ పని చేయించను, డబ్బు దండగ. వెల్డింగ్ చేసి రంగు కొడతామని చెప్పేవాళ్లుంటారు. చేస్తారు కూడా, ఒక వానాకాలం ఆగుతుంది.

కాగితాల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే డకోటాను తుక్కు చేసేది చాలాసార్లు తుప్పు కాదు, కాగితాలే. సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. మీది 2006ది కాబట్టి 2021లో ఒకసారి పొడిగించి ఉంటారు, 2026లో మళ్లీ. ఈ ఫీజు 600 రూపాయలుండేది 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 అయింది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 చేశారు. మీది ఆంధ్రా నంబరు. వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి, అందుకు విశాఖ నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం, తెప్పించాలి. పర్లాకిమిడిలో మీకు ఓడీ-20 వస్తుంది. పాతపట్నం అవతలే కదా, ఎవరు చూస్తారులే అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. చూసే రోజు కూడా వస్తుంది.

ఇంకొకటి, మీ మెసేజీలో "వింటేజ్ కారు అనొచ్చా" అని సరదాగా రాశారు. చట్టం ప్రకారం వింటేజ్ అనాలంటే 50 ఏళ్లు దాటాలి, అసలు రూపం మారకుండా ఉండాలి. వాటికి నంబరులో వీఏ అనే అక్షరాలు ఇచ్చేలా 2021లో నిబంధనలు పెట్టారు. మీ బండికి ఇంకా ముప్పై ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా డకోటాయే.

అమ్మాలా వద్దా అన్నదానికి మీ మేస్త్రిని ఒకే ప్రశ్న అడగండి. "డకోటాయే గాని మేస్త్రీ, గుణుపురం మీంచి రాయగడ వెళ్లొస్తాదా?" అనండి. "ఎందుకెళ్లదు" అని వెంటనే అంటే తాళం ఆయన చేతికిచ్చి బుష్‌లు, మౌంట్లు మార్పించుకోండి. తల గోక్కుని "చూద్దాం బాబూ" అన్నాడా, రాయగడకు బస్సెక్కండి.